బొంబాయి విక్టోరియా టెర్మినస్ – నిర్మాణ చరిత్ర, తెలుగువారి సంబంధము

మహారాష్ట్రమున స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయబూనువారికి శాసనములుగాని, తాళపత్రములుగాని విశేషముగా లభింపవు. ఆ చరిత్ర కొంత సోలాపురపు మగ్గముల మీదను, కొంత బొంబాయి మిల్లుల నీడలోను, కొంత రాతి గోడల నడుమను నిక్షిప్తమైయున్నది. అట్టి రాతి గోడలలో మిక్కిలి ప్రసిద్ధమైనది విక్టోరియా టెర్మినస్ అను రైల్వే స్టేషను. 1887లో విక్టోరియా రాణి పేర వెలసిన ఈ కట్టడమునకు 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ అను పేరును, 2017లో ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ అను పేరును వచ్చినవి. నగరవాసులకు మాత్రము అది తరతరములుగా ‘వీటీ’యే.

బొంబాయి తెలుగువారి ఇండ్లలోను, సభలలోను ‘ఈ స్టేషను మనవారి చేతులతో లేచినది’ అను మాట వినబడుచుండును. ఆ మాట అభిమానముతో పలికినదే కాని, అభిమానము చరిత్ర కాజాలదు. అట్లని దానిని వట్టి గొప్పగా త్రోసివేయుటయు న్యాయము కాదు. కట్టడము ఎట్లు పుట్టినది, ఎవరు రూపకల్పన చేసిరి, ఏ రాయి ఎచ్చటినుండి వచ్చినది, ఆ కాలమున తెలుగువారు ఆ నగరమున ఏమి చేయుచుండిరి అను విషయములను వరుసగా పరిశీలించినచో, ఆ మాటలోని సత్యభాగము తనంతట తేలగలదు.

బోరీబందరు

విక్టోరియా టెర్మినస్ నిలిచిన చోటికి పూర్వనామము బోరీబందరు. బందరు అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు; మచిలీపట్టణమును నేటికిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు. బోరీలనగా గోనె సంచులు. సంచులకెత్తిన సరకులు దిగుమతియగు రేవగుటచే ఆ పేరు వచ్చినదని సామాన్యముగా చెప్పుదురు.

గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ 1849లో బ్రిటిషు పార్లమెంటు చట్టముచే ఏర్పడెను. 1853 ఏప్రిల్ 16వ తేదీన ఆ కంపెనీ నడిపిన తొలి ప్రయాణికుల రైలు బోరీబందరునుండి ఠాణాకు 21 మైళ్ళ దూరము సాగెను. 14 పెట్టెలలో సుమారు 400 మంది అతిథులు కూర్చుండిరి. సాహిబ్, సింధ్, సుల్తాన్ అను మూడు ఇంజనులు ఆ బండిని లాగినవి. నాటి బోరీబందరు స్టేషను సామాన్యమైన కట్టడమే. పావుశతాబ్దికి పిమ్మట దాని స్థానమున రాజభవనమువంటి స్టేషను లేచుటకు కారణమేమి?

మొదటి కారణము ప్రత్తి. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము సాగుటచే ఇంగ్లండు మిల్లులకు అచ్చటి ప్రత్తి రాకడ నిలిచెను. బొంబాయి వర్తకుల ప్రత్తికి గిరాకి పెరిగి, నగరమున ధనము వరదవలె పారెను. ఆ కాలమున గవర్నరుగా నుండిన బార్టిల్ ఫ్రియర్ కోట గోడలను పడగొట్టించి, నగరమును పడమటి సముద్రతీరము వైపు విస్తరింపజేసెను. 1869లో సూయజ్ కాలువ తెరువబడుటతో ఐరోపానుండి వచ్చు ఓడలకు బొంబాయి ముఖద్వారమయ్యెను. సెక్రటేరియట్, హైకోర్టు, విశ్వవిద్యాలయ భవనములు ఒకదాని వెంట ఒకటి గోథిక్ పద్ధతిలో లేచినవి. నగరమంతయు రాతి పనివాండ్ర సుత్తెల చప్పుడుతో నిండియుండిన కాలమది.

దక్కను మార్గము

రెండవ కారణము రైలుమార్గముల విస్తరణము. తెలుగువారి చరిత్రకు దీనితోనే సన్నిహిత సంబంధము. బొంబాయిని దక్కను పీఠభూమితో కలుపుటకు పడమటి కనుమలు అడ్డముగా నిలిచినవి. భోర్ ఘాట్ మార్గమును నిర్మించుటకు సుమారు ఏడేండ్లు పట్టినవి. అందు 25 సొరంగములు తొలువవలసివచ్చెను. 1861 ప్రారంభమున ఆ ఒక్క ఘాట్ మీదనే 42 వేలమంది పనిచేయుచుండిరి. విషజ్వరములచేతను, కలరాచేతను వేలకొలది మడిసిరి. గుత్త తీసికొనిన సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో భారతదేశమునకు వచ్చిన కొలది దినములకే మరణింపగా, ఆయన భార్య ఆలిస్ ఆ బాధ్యతను తన పేర స్వీకరించి పనిని సాగించెను. 1863లో ఘాట్ మార్గము పూర్తియయ్యెను.

దక్కనునందలి రైల్వే పనులలో మట్టి త్రవ్వుటకును, రాయి కొట్టుటకును పేరుపడినవారు వడ్డెరలు. భార్యాబిడ్డలతో, గాడిదలతో, గుడిసె సామగ్రితో పని ఉన్న చోటికెల్ల తరలిపోవు ఈ తెలుగు శ్రామికుల నైపుణ్యమును నాటి రైల్వే ఇంజనీర్లు గుర్తించి, తమ వ్రాతలలో ప్రత్యేకముగా పేర్కొనిరి. దినకూలికి కాక, త్రవ్విన మట్టి కొలతనుబట్టి కుటుంబమంతయు కలిసి గుత్తకు పనిచేయుట వారి పద్ధతి. దక్షిణాపథమున రైలు కట్టలు ఎంత దూరము సాగినవో, వడ్డెరల పలుగు పారలును దాదాపు అంత దూరము సాగినవి.

మార్గము 1860లో సోలాపురము చేరెను; 1871లో రాయచూరు చేరి, మద్రాసు రైల్వేతో కలిసెను. అప్పటినుండి ఆదవాని, గుంతకల్లు, కడప, రేణిగుంటల మీదుగా మద్రాసునకు, ఇటు బొంబాయికి, ఒకే మార్గమేర్పడెను. 1874లో వాడి జంక్షనునుండి సికిందరాబాదునకు నిజాము రాజ్యపు రైలుమార్గము తెరువబడెను. అంతవరకు తెలంగాణమునుండి కాలినడకను, ఎడ్లబండ్ల మీదను వారములకొలది ప్రయాణము చేసి బొంబాయి చేరవలసినవారు ఇక ఒకటి రెండు దినములలో బోరీబందరులో దిగుటకు వీలయ్యెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును మహాక్షామము పీడించెను. కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలును, సోలాపురము మున్నగు మరాఠా జిల్లాలును, నిజాము రాజ్యమును దాని వాతబడినవి. ఊళ్ళు విడిచినవారికి పని దొరకు నగరములలో బొంబాయి ముఖ్యమైనది. క్షామము ముగియు దినములలోనే, 1878లో, బోరీబందరున క్రొత్త స్టేషను పని ఆరంభమయ్యెను.

స్టీవెన్స్ రూపకల్పన

ఈ స్టేషనుకు వాస్తుశిల్పి ఫ్రెడరిక్ విలియమ్ స్టీవెన్స్. ఆయన ఇంగ్లండులోని బాత్ నగరమున జన్మించి, 1867లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగియై భారతదేశమునకు వచ్చెను. బొంబాయిలో నావికులకొరకు ఆయన నిర్మించిన రాయల్ ఆల్ఫ్రెడ్ సెయిలర్స్ హోమ్ 1876లో పూర్తియై ఆయనకు కీర్తి తెచ్చెను. రైల్వే కంపెనీ స్టేషను నిర్మాణమును ఆయనకు అప్పగింపగా, ఆయన ఐరోపాకు పోయి, అచ్చటి పెద్ద స్టేషనులను పరిశీలించి వచ్చెను. లండనులో గిల్బర్ట్ స్కాట్ నిర్మించిన సెయింట్ పాంక్రాస్ భవనపు ఛాయలు ఈ కట్టడమున కనబడుటకు కారణమిదియే. స్టీవెన్స్ క్రింద సీతారామ్ ఖండేరావ్ వైద్య సహాయ ఇంజనీరుగను, ఎం. ఎం. జనార్దన్ పర్యవేక్షకుడుగను పనిచేసిరి.

పని సుమారు పదియేండ్లు సాగెను. 1887లో, విక్టోరియా రాణి పాలనకు 50 ఏండ్లు నిండిన స్వర్ణోత్సవ సమయమున, స్టేషనుకు ఆమె పేరు పెట్టిరి. పని సంపూర్ణముగా ముగిసినది 1888 మే నెలలో. వ్యయము 16 లక్షల రూపాయలకు పైబడెను. ఆ కాలమున బొంబాయిలో ఒక్క కట్టడమునకు ఇంతటి ధనము వెచ్చించుట అసాధారణము.

భవనపు తలకట్టు చిత్రమైనది. నడుమ ప్రధాన మందిరము, ఇరుప్రక్కల ముందునకు చాచిన రెక్కలు, వాని మధ్య తోట. పరిపాలన కార్యాలయములు ఈ భాగమున నుండగా, బండ్లు నిలుచు ప్లాటుఫారములు ఒక ప్రక్కను, వెనుకను అమరియున్నవి. బండ్ల మీది కప్పు సుమారు 1,200 అడుగుల పొడవున సాగినది. బయటినుండి చూచువారికి కోటయో, దేవాలయమో, రాజప్రాసాదమో అనిపించును. లోనికి పోయినవారికి పనికై నిర్మించిన స్టేషనని తెలియును.

నడిమి మందిరము మీది గుమ్మటమే ఈ కట్టడమునకు కిరీటము. అది అష్టకోణాకృతిలో, రాతి పక్కటెముకల వంటి కమ్ముల మీద నిలిచియున్నది. ఇటలీ గోథిక్ పద్ధతి కట్టడమునకు ఇట్టి అష్టకోణపు రాతి గుమ్మటమును అమర్చుట అంతకు ముందు ఎరుగని పని. గుమ్మటము కట్టునపుడు క్రిందినుండి కొయ్య చట్రము, అనగా పనివాండ్రు సెంట్రింగు అనునది, నిలిపి దాని మీద రాళ్ళు పేర్చుట వాడుక. ఇచ్చట అట్టి చట్రము లేకుండ, ఒక రాయి మరియొక రాతిని పట్టుకొనునట్లు కొక్కెపు కోతలతో మలచి, వరుస మీద వరుస లేపిరి. కాగితము మీద గీచిన గీత వాస్తుశిల్పిది. కాని ఇట్టి పనిలో రాయి వెంట్రుకవాసి తేడా లేకుండ మలచుటయు, గాలిలో వ్రేలాడుచు దానిని కూర్చుటయు తాపీపనివాని కన్నును, చేతిని ఆధారపడినవి. గుమ్మటపు గొప్పతనమున ఇరువురకు పాలు కలదు.

రాతి మీది లోకము

వాడిన రాళ్ళు పలు విధములు. గోడలకు బొంబాయి పరిసరములందు లభించు పసుపుచాయ గల రాయిని, నల్లరాతిని వాడిరి. నగిషీ పనికి కాఠియావాడ్ తీరమునుండి పోరుబందరు సున్నపురాయిని ఓడలపై తెప్పించిరి. అది మెత్తనిది, ఉలికి లొంగునది. టిక్కెట్లు అమ్ము విశాలమైన మందిరమున ఇటలీ చలువరాయి, నునుపు దేర్చిన స్కాట్లండు గ్రానైటు స్తంభములు నిలిపిరి. ఆ మందిరపు కప్పు మీద నీలిరంగున బంగారు నక్షత్రములు చిత్రింపబడుటచే దానికి నక్షత్రశాల అను పేరు కలిగెను.

గుమ్మటము మీద నిలిచినది ‘ప్రగతి’ అను స్త్రీమూర్తి. కుడిచేతిని పైకెత్తి కాగడా పట్టినది. ఎడమచేతి చెంత ఆకుల చక్రమున్నది. ప్రధాన ద్వారపు స్తంభముల మీద ఒకవైపున సింహము, మరియొకవైపున పులి కూర్చుండియున్నవి. సింహము ఇంగ్లండునకు, పులి భారతదేశమునకు గుర్తులు. ఈ విగ్రహములను చెక్కినవాడు థామస్ అర్ప్ అను ఆంగ్ల శిల్పి. ఇంజనీరింగు, వ్యవసాయము, వాణిజ్యము మున్నగువాని ప్రతిమలు గోపురపు ముఖములందు కలవు.

ఆకులు, తీవెలు, నెమళ్ళు, కోతులు, సింహముఖములు మున్నగు సూక్ష్మశిల్పము బొంబాయి సర్ జంషెట్జీ జీజీభాయి కళాశాల విద్యార్థుల సహాయముతో నిర్వహింపబడినది. విదేశపు పద్ధతి కట్టడము ఇచ్చట దేశీయమగుటకు వీరి ఉలియే ప్రధాన కారణము. ఐరోపా గోథిక్ చర్చిలో కనబడని నెమలి ఇచ్చట పురివిప్పినది. ఎండవేడిమికి తగిన లోతైన వరండాలు, గాలి ఆడు రాతి జాలీలు మన దేశపు వాతావరణము నెరిగి అమర్చినవి.

ముఖభాగమున గుండ్రని చట్రములలో రైల్వే కంపెనీ పెద్దల శిరస్సులు చెక్కబడినవి. వారిలో జగన్నాథ్ శంకర్‌శేట్, సర్ జంషెట్జీ జీజీభాయి అను భారతీయులిరువురు కలరు. వేరొకచోట పలువిధముల తలపాగాలు ధరించిన దేశీయుల ముఖములు కలవు. కంపెనీ పెద్దలవి పేరు గల ముఖములు. తలపాగాలవారివి జాతిని సూచించు ముఖములే కాని పేరు లేనివి. ఇక రాయి మోసినవాని ముఖము, సున్నము కలిపిన స్త్రీ ముఖము ఎచ్చటను చెక్కబడలేదు. ఇది ఈ ఒక్క స్టేషనులోని లోపము కాదు. రాజులు కట్టించిన గుడులలోను ఇంతే.

కామాఠీలు

పేరు చెక్కబడని వారిలో తెలుగువారి స్థానమును తెలిసికొనుటకు బొంబాయిలోని కామాఠీపురము వైపు చూడవలెను. 18వ శతాబ్ది చివరి భాగమున సముద్రపు నీరు నగరపు పల్లములలోనికి రాకుండ ఆనకట్ట నిర్మింపబడిన పిమ్మట, ఎండిన బురదనేలలు నివాసయోగ్యములైనవి. ఆ ప్రదేశమున నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు శ్రామికులు, పనివాండ్రు గుడిసెలు వేసికొనిరి. వారిని నగరవాసులు కామాఠీలనిరి. వారి వాడ కామాఠీపురమయ్యెను. 1909లో ప్రకటింపబడిన బొంబాయి గెజెటీరు ఈ విషయమును నమోదు చేసినది. కామాఠీ అను మాటను ‘కామ్’ అను హిందీ మాటనుండి కొందరును, ‘కమతము’ అను తెలుగు మాటనుండి కొందరును సాధింతురు. ఏదైనను పనిచేయువాడని అర్థము.

కామాఠీలు ఒక్క కులమువారు కారు. మున్నూరు కాపులు, పద్మశాలీలు మున్నగు పలు కులములవారు ఆ ఒక్క పేరు క్రింద చేరిరి. స్వగ్రామమున వేరువేరుగా నుండినవారు పరదేశమున ఒకే పేరున పిలువబడుట వలస చరిత్రలో తరచుగా జరుగునదే. వారిలో కొందరు రాళ్ళు మోసిరి, కొందరు తాపీ పట్టిరి, కొందరు మేస్త్రీలైరి. మరికొందరు గుత్తలు తీసికొని కంట్రాక్టర్లై ధనవంతులైరి.

ఈ కంట్రాక్టర్ల ప్రాముఖ్యమునకు సాక్ష్యము రాతిగోడల మీద కాక, సంఘసంస్కరణ చరిత్రలో లభించుచున్నది. జ్యోతిరావు ఫూలే 1873లో పూనాలో సత్యశోధక సమాజమును స్థాపించెను. ఆయనయు కట్టడపు గుత్తలు నిర్వహించినవాడే. బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో వెంకు బాలు కాళేవార్, జాయా కరాడీ లింగు మున్నగు తెలుగు కంట్రాక్టర్లు ప్రముఖులు. 1888 మే 11వ తేదీన స్టేషనుకు సమీపమందలి మాండవిలో జరిగిన సభలో ఫూలేకు ‘మహాత్మ’ అను బిరుదము సమర్పింపబడెను. విక్టోరియా టెర్మినస్ పని ముగిసినదియు ఆ నెలలోనే. రాతిపనితో సంపాదించిన ధనమును బడులకు, పత్రికలకు, సంఘసేవకు వెచ్చించిన తెలుగువారు ఆ నాటికే నగరమున ఉండిరనుటకు ఇది తార్కాణము.

కనుక ‘మనవారు కట్టినది’ అను మాటను ఇట్లు సవరించుకొనవలెను. స్టేషనుకు రూపము నిచ్చినవాడు స్టీవెన్స్. పనిని నడిపినవారిలో మరాఠా ఇంజనీర్లు కలరు. చెక్కినవారిలో ఆంగ్లశిల్పియు, బొంబాయి కళావిద్యార్థులును కలరు. రాయి కొట్టి, మోసి, కూర్చిన శ్రామికులలో నగరపు కట్టడపు పనులన్నిటికిని మూలబలమైన కామాఠీలకు భాగముండుట సహజము. ఒక్క తెలుగువారే కట్టిరనుట అసత్యము. తెలుగువారు లేకయే బొంబాయి లేచినదనుట అంతకు మించిన అసత్యము.

తరువాతి చరిత్ర

స్టీవెన్స్ ఈ స్టేషను కెదురుగా నగర పురపాలక సంఘ భవనమును నిర్మించెను. అది 1893లో పూర్తియయ్యెను. 1900లో ఆయన బొంబాయిలోనే మరణించెను. 1925 ఫిబ్రవరి 3వ తేదీన భారతదేశపు తొలి విద్యుత్తు రైలు ఈ స్టేషనునుండియే కుర్లా వరకు నడిచెను. పెరుగుచున్న దూరప్రయాణపు రద్దీకొరకు 1929లో ప్లాటుఫారములను విస్తరించిరి. 1951లో పాత కంపెనీ మార్గము సెంట్రల్ రైల్వేలో లీనమయ్యెను. గడియారము క్రింది గూటిలో నుండిన రాణి విగ్రహము స్వాతంత్ర్యానంతరము తొలగింపబడెను. 2004లో యునెస్కో ఈ స్టేషనును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించెను. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి ఉగ్రవాదుల కాల్పులకు ఈ స్టేషనులోనే 50 మందికి పైగా ప్రయాణికులు బలియైరి. మరునాడే బండ్లు మరల నడిచినవి.

హైదరాబాదునుండి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్సును, విశాఖపట్టణము, విజయవాడల మీదుగా కోణార్క్ ఎక్స్‌ప్రెస్సును ఈ స్టేషనునకే చేరుచున్నవి. పాలమూరు, నల్లగొండ, కరీంనగరము ప్రాంతములనుండి వచ్చిన తరములు నగరమున తొలి అడుగు పెట్టినది ఇచ్చటనో, ఈ మార్గమందలి దాదర్, కళ్యాణ్ స్టేషనులలోనో. వారు ప్రభాదేవి, వర్లీ, నాయగాఁవ్, శివ్‌డీ వాడలకు విస్తరించిరి, గుడులు కట్టుకొనిరి, తెలుగు బడులకై పురపాలక సంఘమును ఒప్పించిరి, సంఘములు స్థాపించుకొనిరి.

ఉపసంహారము

విక్టోరియా టెర్మినస్‌లోని ప్రతి రాతికి నేడు రక్షణ కలదు. ఒక జాలీ విరిగిన, దాని పాత పటము చూచి క్రొత్తది మలతురు. కాని ఆ కాలపు శ్రామికుల వాడలకు అట్టి రక్షణ లేదు. కామాఠీపురపు పాత ఇండ్లు శిథిలములైనవి. వానిని పడగొట్టి పునర్నిర్మించు యోచనలు 21వ శతాబ్దమున సాగుచున్నవి. ప్రజలకు మంచి ఇండ్లు రావలసినదే, దానిని కాదనువారుండరు. కాని ఇండ్లతోపాటు పెట్టెల అడుగున నుండు కాగితములును పోవును: తాత పుచ్చుకొన్న గుత్త పత్రము, మేస్త్రీ కూలీల పట్టిక, కులసంఘపు చందా పుస్తకము, గుడి నిర్మాణపు లెక్కలు, పెండ్లి శుభలేఖలు. తెలుగు చదువు తగ్గిన తరమునకు ఆ కాగితములు చిత్తుకాగితములుగనే తోచును.

స్టేషను ముఖభాగమున పేరులేని తలపాగాలకు పేర్లు పెట్టుట నేడు ఎవరి తరమును కాదు. వారి సంతతివారి ఇండ్లలోని పేర్లను కాపాడుట మాత్రము సాధ్యమే. ప్రతి తెలుగు సంఘమును తన వాడలోని వృద్ధుల మాటలను వ్రాయించి, పాత పత్రములకు నకళ్ళు తీయించి, ఒక చోట భద్రపరచినచో, రాబోవు పరిశోధకునికి ‘మనవారు కట్టినది’ అను మాటకు బదులు, ఎవరు, ఏ యూరినుండి, ఏ యేట వచ్చి, ఏ పని చేసిరి అను చరిత్రయే లభించును. గుమ్మటమును సెంట్రింగు లేకుండ నిలిపినది ఒక రాతిని మరియొక రాయి పట్టుకొనిన పట్టు. ఒక జాతి చరిత్ర నిలుచుటయు అట్టి పట్టు వలననే.